దోపిడీ నేరం: బలానికీ సొత్తుకూ మధ్య ముడి

(స్మారకోపన్యాసం, ముద్రిత పాఠం)



ఎవరి స్మృతిలో ఏటా ఈ ఉపన్యాసం జరుగుతోందో, ఆ మా సీనియర్ గారు జీవితమంతా జిల్లా కోర్టుల్లోనే క్రిమినల్ ప్రాక్టీసు చేశారు. కేసు కట్ట చేతికి రాగానే ఆయన సెక్షన్ నంబరు జోలికి వెళ్లేవారు కాదు, ముందు ఫిర్యాదులోని క్రియలు ఏరేవారు. ఎవరు ఎవరిని పట్టుకున్నారు, దెబ్బ ఎప్పుడు పడింది, ఆ క్షణానికి వస్తువు ఎవరి చేతిలో ఉంది? ఇవి తేలాకే ఏ సెక్షనో మాట్లాడేవారు. ఆ పద్ధతికి దోపిడీ కేసుల్లో ఉన్నంత పని మరెక్కడా లేదు. అందుకే ఇవాళ ఈ విషయం ఎంచుకున్నాను.

దోపిడీకి చట్టంలో సొంత పునాది లేదు. అది దొంగతనం మీదో, బలవంతపు వసూలు మీదో నిలబడే నేరం. ఈ రెంటిలో ఏదో ఒకటి పూర్తిగా రుజువైతే తప్ప దోపిడీ ప్రసక్తే రాదు. 1860 నాటి ఇండియన్ పీనల్ కోడ్‌లో దీని నిర్వచనం 390వ సెక్షన్. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 309వ సెక్షన్ అయింది. శిక్షలు, ప్రయత్నం, గాయపరచడం అన్నీ ఇప్పుడు ఆ ఒక్క సెక్షన్ కిందికే వచ్చాయి. నిర్వచనం మాత్రం దాదాపు మారలేదు. కాబట్టి నూట అరవై ఏళ్ల తీర్పులు ఇంకా మనకు పనికొస్తాయి.

ముందు దొంగతనం సంగతి. చరాస్తి కావాలి. అది మరొకరి స్వాధీనంలో ఉండాలి. వారి సమ్మతి లేకుండా, దురుద్దేశంతో, తీసుకుపోవడానికి దాన్ని కదిలించాలి. యజమాని ఎవరని చట్టం అడగదు, స్వాధీనం ఎవరిదని అడుగుతుంది. కుట్టడానికిచ్చిన బట్టను దర్జీ చేతిలోంచి లాక్కుపోయినా దొంగతనమే. శాశ్వతంగా ఉంచుకోవాలన్న ఉద్దేశం కూడా అక్కర్లేదు. ప్రభుత్వ కార్యాలయం నుంచి ఒక ఫైలు బయటికి పట్టుకెళ్లి మర్నాడు తిరిగి పెట్టేసిన ప్యారేలాల్ భార్గవ కేసులో 1962లో సుప్రీంకోర్టు దాన్ని దొంగతనంగానే తేల్చింది.

ఈ లెక్కలో దురుద్దేశం అన్నదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో తరచూ వచ్చే తగాదా ఒకటి చూడండి. వాయిదాలు కట్టలేదని ఫైనాన్స్ కంపెనీ మనుషులు దారిలో ట్రాక్టర్‌ను ఆపి, రైతును దించేసి, బండి తోలుకుపోతారు. రైతు స్టేషన్‌కు వెళ్లి దోపిడీ జరిగిందంటాడు. ఒప్పందంలో బండిని స్వాధీనం చేసుకునే హక్కు రాసి ఉంటే, ఆ హక్కు ప్రకారం తీసుకోవడం దొంగతనం కాదని చరణ్‌జిత్ సింగ్ చద్దా కేసులో 2001లో సుప్రీంకోర్టు చెప్పింది. దొంగతనమే లేనప్పుడు దోపిడీ నిలవదు. అంతమాత్రాన ఆ రైతును కొట్టడానికి ఎవరికీ అధికారం రాలేదు. కొట్టినందుకు, అడ్డగించినందుకు, బెదిరించినందుకు వేరువేరు నేరాలున్నాయి. బాకీ వసూళ్లకు కండబలం వాడటాన్ని 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో సుప్రీంకోర్టు గట్టిగా తప్పుపట్టింది. మరి ఒప్పందంలో ఏ హక్కూ లేకుండా, వడ్డీ బాకీ ఉందని ఇల్లాలి మెడలో గొలుసు లాక్కుంటే? బాకీ నిజమే కావచ్చు. ఆ గొలుసు మీద మాత్రం వడ్డీవ్యాపారికి ఏ హక్కూ లేదు. బాకీదారు చేత అప్పు కట్టించడానికి అతని సొత్తు పట్టుకుపోవడం దొంగతనమేనని 1895లోనే కలకత్తా హైకోర్టు ఫుల్ బెంచ్ తేల్చింది. విజయవాడలో 2015లో అధిక వడ్డీ అప్పుల కాల్‌మనీ వ్యవహారం బయటపడినప్పుడు చాలామంది వడ్డీ రేట్ల గురించి మాట్లాడారు. గుమ్మం దగ్గర నిలబడి భయపెట్టి వస్తువులు లాక్కోవడం దోపిడీ అవుతుందని గుర్తుచేసినవారు తక్కువ.

ఇప్పుడు అసలు ముడికి వద్దాం. దొంగతనం ఎప్పుడు దోపిడీ అవుతుంది? దొంగతనం చేయడం కోసం గానీ, చేస్తూ గానీ, దొంగిలించినదాన్ని పట్టుకుపోతూ గానీ, పట్టుకుపోవడానికి ప్రయత్నిస్తూ గానీ, అందుకోసమే, ఎవరికైనా మరణమో గాయమో అక్రమ నిరోధమో బుద్ధిపూర్వకంగా కలిగించినప్పుడు, కలిగించబోయినప్పుడు, లేదా అవి తక్షణమే జరుగుతాయన్న భయం పుట్టించినప్పుడు. నా దృష్టిలో ఈ సెక్షన్ ప్రాణమంతా ‘అందుకోసమే’ అన్నదాంట్లో ఉంది. ఒకే సంఘటనలో దొంగతనమూ ఉండి, దెబ్బలూ ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ దెబ్బ ఆ సొత్తు కోసం పడి ఉండాలి. వేణు అలియాస్ వేణుగోపాల్ కేసులో 2008లో సుప్రీంకోర్టు ఈ సంబంధాన్నే నొక్కిచెప్పింది.

పాత తీర్పుల్లో దీనికి చక్కని దృష్టాంతాలున్నాయి. కలకత్తా హైకోర్టు ఏర్పడిన తొలి ఏళ్లలో వచ్చిన కేసు: ఇద్దరు చెట్టు మీది మామిడికాయలు దొంగిలిస్తుండగా తోట తాలూకు మనిషి వచ్చాడు. వారిలో ఒకడు కర్రతో కొట్టి అతన్ని స్పృహ తప్పించాడు. నాలుగు కాయల దొంగతనం ఆ కర్రదెబ్బతో దోపిడీ అయింది. ఇంకో కేసులో స్త్రీ ముక్కుకున్న ఆభరణం లాగితే ముక్కుపుటం చీలి నెత్తురు కారింది. అదీ దోపిడీయే. దీని పక్కన 1843 నాటి ఇంగ్లండు కేసు ఒకటి పెట్టి చూడాలి. బుట్టకు కట్టిన తాడును దొంగ కోస్తుండగా, యజమాని గభాలున బుట్టను పట్టుకోబోతే కత్తి మణికట్టుకు తగిలింది. గాయమైన మాట నిజమే, కానీ దొంగ దాన్ని తలపెట్టలేదు. కాబట్టి ఉత్త దొంగతనమేనన్నారు. మరో రకం కేసుల్లో దొంగ సొత్తు పారేసి పరుగెత్తుతూ, వెంటబడిన వారి మీద రాళ్లు రువ్వుతాడు. రాళ్లు తగిలినా దోపిడీ కాదు. అప్పటికి సొత్తు చేతిలో లేదు, రాళ్లు తన ఒంటిని కాపాడుకోవడానికి వేసినవి. అదే సొత్తు చంకన పెట్టుకుని రువ్వి ఉంటే దోపిడీ అయ్యేది. ఇంగ్లండు 1968 నాటి థెఫ్ట్ చట్టం బలప్రయోగం దొంగతనానికి కాస్త ముందో, చేస్తున్నప్పుడో జరగాలంటుంది. మన చట్టం పట్టుకుపోయే దశను కూడా బాహాటంగా కలిపింది. బజారులో సంచీ లాక్కుని పారిపోతూ, అడ్డుపడ్డ పళ్లబండి మనిషిని గుద్ది పడేసినవాడు ఇక్కడ దోపిడీదారే. గాయం యజమానికే తగలాలన్న నియమం లేదు, ఎవరికి తగిలినా చాలు.

ఈ ముడి తెగే సందర్భాల్లో అన్నిటికంటే దారుణమైనది హత్యానంతర దొంగతనం. పాత పగతో చంపాడు. చంపాక శవం మీద ఉంగరం కనిపించి తీసుకున్నాడు. పత్రికలు దాన్ని ‘నగల కోసం హత్య’ అని రాస్తాయి. చంపినప్పుడు నగల ఆలోచనే లేకపోతే అది హత్య, మృతుని సొత్తు కాజేయడం. దోపిడీ మాత్రం కాదు. ఇది నంబర్ల ఆట అనిపించవచ్చు. కానీ ఎందుకు చంపాడో తప్పుగా రాస్తే, ఉద్దేశం రుజువు కాలేదన్న సందు దొరికి ప్రాసిక్యూషన్ కథంతా వీగిపోయే ప్రమాదం ఉంది.

గాయం అంటే ఎంత? ఒంటికి నొప్పి పుడితే చాలు. నెత్తురు రానక్కర్లేదు, ఆసుపత్రిలో చేరనక్కర్లేదు. అక్రమ నిరోధం అంటే వెళ్లే హక్కున్న దారిలో వెళ్లనివ్వకపోవడం. జేబులోంచి డబ్బు తీస్తున్నంతసేపూ ఒకడు వెనక నుంచి రెండు చేతులూ ఒడిసిపట్టుకుంటే, ఒక్క దెబ్బ వేయకపోయినా దోపిడీ పూర్తయినట్టే. చట్టం తొలి ఉదాహరణగా ఇచ్చింది కూడా ఇలాంటిదే.

రెండో కాలు బలవంతపు వసూలు. ఇక్కడ సొత్తును బాధితుడే చేతికిస్తాడు, కాకపోతే భయంతో. ఇది దోపిడీ కావాలంటే భయపెట్టినవాడు ఎదుట ఉండాలి, ఆ భయం తక్షణ మరణం, తక్షణ గాయం, తక్షణ నిరోధం గురించినదై ఉండాలి, సొత్తు అక్కడికక్కడే చేతులు మారాలి. చట్టంలోని ఉదాహరణలు ఈ తేడాను గొప్పగా చూపిస్తాయి. తండ్రీబిడ్డలు నడిచివెళ్తుంటే బిడ్డను లాక్కుని, డబ్బివ్వకపోతే లోయలోకి విసిరేస్తానంటాడొకడు. తండ్రి ఇచ్చేస్తాడు. అది దోపిడీ. బిడ్డ మా ముఠా చేతిలో ఉంది, డబ్బు పంపకపోతే చంపేస్తామని కబురుపెడితే బలవంతపు వసూలు అవుతుంది. ఆ బిడ్డకు ఆ క్షణానే చావు తప్పదన్న భయం పుట్టిస్తే తప్ప దోపిడీ కాదు. రెండోది చిన్న నేరమని ఎవరూ పొరబడకండి. డబ్బు కోసం ఎత్తుకుపోవడానికి మరణశిక్ష దాకా ఉన్న వేరే సెక్షన్ ఉంది. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాంతో కనిపించి, ‘డిజిటల్ అరెస్టు’ చేశామని వృద్ధులను గంటల తరబడి కదలనివ్వకుండా డబ్బు గుంజే మోసాలనూ ఈ కొలతతోనే చూడాలి. వాళ్లు ఎదుట లేరు, తక్షణం ఒంటి మీద చేయి వేయగల దూరంలోనూ లేరు. అది మోసం, బలవంతపు వసూలు. సంహిత 308వ సెక్షన్ ఆ వసూలుకు శిక్షను మూడేళ్ల నుంచి ఏడేళ్లకు పెంచింది. దోపిడీ అన్న పేరు పెట్టకుండానే గట్టిగా శిక్షించే వీలుంది.

ఒక్క నేరానికి రెండు కాళ్లెందుకు అని విద్యార్థులు అడుగుతుంటారు. దీనికి జవాబు 1837లో మెకాలే నేతృత్వంలోని లా కమిషన్ తన ముసాయిదాకు జోడించిన వివరణల్లో ఉంది. నాకు ఆ కోడ్ మొత్తంలో ఇంతకంటే మానవ స్వభావం తెలిసిన పేరా కనిపించదు. దొంగ ఒకడిని పట్టుకుని చంపుతానని బెదిరిస్తూ నగలు ఒలవడం మొదలుపెడతాడు. బాధితుడు ప్రాణభయంతో, అన్నీ తీసుకో, నన్ను వదిలెయ్యి అంటూ తానే మిగతావి తీసి ఇస్తాడు. కుడిచేతి కంకణం దొంగతనంగా పోయి ఉండవచ్చు, ఎడమచేతిది బలవంతపు వసూలుగా పోయి ఉండవచ్చు. నడుముకు కట్టిన రూపాయలు ఒక రకం, తలపాగాలోవి ఇంకో రకం. కాసేపటికి ఏది ఎలా పోయిందో దొంగకూ గుర్తుండదు, బాధితుడికీ గుర్తుండదు. అలాంటప్పుడు లాక్కున్నాడా, ఇచ్చావా అని కోర్టులో నిలదీసి, జవాబు తడబడిందని ముద్దాయిని వదిలేయడం అన్యాయం. అందుకే రెంటినీ ఒకే నేరం కింద చేర్చారు. ఇవాళ్టికీ క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఈ ప్రశ్న వేసే న్యాయవాదులున్నారు. గొలుసు మీరే తీసి ఇచ్చారా, అతనే తెంపాడా? ఫిర్యాది ఒకసారి ఇలా, ఒకసారి అలా చెబుతుంది. ఆ తడబాటు అబద్ధానికి గుర్తు కాదని మెకాలేకి తెలుసు. ప్రాణభయంలో ఉన్న మనిషి జ్ఞాపకం అలాగే ఉంటుంది.

శిక్షల గురించి క్లుప్తంగా చెబుతాను. దోపిడీకి పదేళ్ల వరకు కఠిన కారాగారం. సూర్యాస్తమయానికీ సూర్యోదయానికీ మధ్య రహదారి మీద చేస్తే పద్నాలుగేళ్ల వరకు. ప్రయత్నానికి ఏడేళ్ల వరకు. గాయపరిస్తే యావజ్జీవం లేదా పదేళ్ల వరకు. అయిదుగురు, అంతకు మించి కలిసి చేస్తే బందిపోటు దొంగతనం, దానికీ యావజ్జీవం దాకా ఉంది. అందులో ఒకడు హత్య చేస్తే కలిసి చేసినవారందరికీ మరణశిక్ష దాకా వెళ్లవచ్చు.

మారణాయుధం దగ్గర కాస్త ఆగాలి. పాత 397, ఇప్పటి 311 ప్రకారం దోపిడీలో మారణాయుధం ‘వాడినా’, తీవ్రంగా గాయపరచినా, చంపబోయినా ఏడేళ్లకు తగ్గకుండా శిక్ష వేయాలి. న్యాయమూర్తికి అంతకంటే తగ్గించే వీల్లేదు. మరి వాడటమంటే పొడవడమేనా? ఢిల్లీలో పెట్రోలు బంకు దోచిన ఫూల్ కుమార్ కేసులో, బాధితుడి కంటికి కనిపించేలా విప్పిన కత్తి పట్టుకుని నిలబడటం చాలని 1975లో సుప్రీంకోర్టు చెప్పింది. భయపెట్టడానికి పిస్తోలు ఎత్తి చూపినా వాడినట్టేనని ఆ తర్వాత అష్ఫాక్ కేసులో మళ్లీ చెప్పింది. కానీ ఆ భారం ఆయుధం పట్టినవాడి మీదే పడుతుంది. పక్కనున్నవాడి మీదికి పాకదు. 2021లో గణేశన్ కేసు దీన్ని స్పష్టం చేసింది. అదే ఏడాది రామ్ రతన్ కేసులో, ఆయుధం ఉందనడం ఒక్కటే చాలదనీ, దాన్ని భయం పుట్టించేలా వాడినట్టు సాక్ష్యం ఉండాలనీ అన్నారు. దీనికి భిన్నంగా గాయపరచే దోపిడీ విషయంలో, అంటే 309వ సెక్షన్ ఆరో ఉపసెక్షన్ కింద, కలిసి చేసిన ప్రతివాడూ ఆ గాయానికి బాధ్యుడే. మోటార్ సైకిల్ వెనక కూర్చున్నవాడు గొలుసు లాగి మెడ కోస్తే, నడిపినవాడికీ యావజ్జీవం దాకా శిక్ష పడవచ్చు. వెనకవాడు కత్తి చూపిస్తే, ఆ కత్తి తాలూకు ఏడేళ్ల కనీస శిక్ష వెనకవాడికి మాత్రమే. ఈ తేడా పట్టించుకోకుండా ముద్దాయిలందరి మీదా 397 రాసేయడం ఎన్నో ఏళ్లుగా మన చార్జిషీట్లలో ఉన్న జబ్బు.

గొలుసు మాట వచ్చింది కనుక సంహితలోని 304వ సెక్షన్ చూడాలి. పీనల్ కోడ్‌లో లేని నేరం ఇది. హర్యానా, గుజరాత్ తమ సొంత సవరణలతో దీన్ని ముందే తెచ్చుకున్నాయి. దొంగతనం చేయడానికి హఠాత్తుగానో, వేగంగానో, బలవంతంగానో ఒక వ్యక్తి నుంచి వస్తువు లాక్కుపోతే స్నాచింగ్. శిక్ష మూడేళ్ల వరకు. ఈ సెక్షన్ అవసరమే. బస్టాండులో ఫోను చేతిలోంచి తన్నుకుపోయినప్పుడు నొప్పీ ఉండదు, భయపడే వ్యవధీ ఉండదు. పాత చట్టంలో అది ఉత్త దొంగతనమే అయ్యేది. నా ఆందోళన వేరే చోట ఉంది. మెడలో పుస్తెలతాడు లాగిన కేసును కూడా అలవాటుగా 304లో పడేస్తే ఏమవుతుంది? పుస్తెలతాడు అంత సులువుగా తెగదు. లాగితే మెడ కోసుకుపోతుంది, స్కూటీ మీదున్న మనిషి రోడ్డు మీద పడుతుంది. లాగేవాడికి ఈ సంగతి తెలియదనడం కుదరదు. బుద్ధిపూర్వకంగా అంటే కోరి చేయడం ఒక్కటే కాదు, ఇలా జరిగే అవకాశం ఉందని తెలిసి చేయడం కూడా. ఇక్కడ నెత్తురు కారిన ముక్కుపుటం కేసే దారి చూపుతుంది, మణికట్టు కేసు కాదు. బుట్ట యజమాని అనుకోకుండా చేయి అడ్డుపెట్టాడు. పుస్తెలతాడు ఉన్నదే మెడను చుట్టుకుని. కాబట్టి మెడకు నొప్పి తగిలిన ప్రతి కేసూ 309 కిందకే రావాలని నా నిశ్చితాభిప్రాయం. 304కీ 309కీ మధ్య గీత ఎక్కడ గీయాలో రానున్న ఏళ్లలో హైకోర్టులు తేల్చవలసిన ప్రశ్న. ఈలోగా స్టేషన్‌లో రాసే మొదటి సెక్షనే చాలా నిర్ణయిస్తుంది. ఏడేళ్ల వరకు శిక్ష ఉన్న నేరాల్లో మామూలుగా నోటీసుతో సరిపెట్టాలి, అరెస్టు అవసరమైతే కారణాలు రాయాలి. పదేళ్ల నేరానికి ఆ పరిమితి లేదు.

ఈ గీత బాధితురాలి ఆత్మరక్షణ హక్కును కూడా మార్చేస్తుంది, దీన్ని మనం సరిగా బోధించడం లేదు. సొత్తును కాపాడుకోవడానికి దుండగుడి ప్రాణం తీసే వరకు వెళ్లే హక్కు సంహిత 41వ సెక్షన్ కింద దోపిడీలో ఉంది. మామూలు దొంగతనంలో లేదు, మరణమో తీవ్ర గాయమో తప్పదన్న సహేతుకమైన భయం ఉంటే తప్ప. స్నాచింగ్ ఒక రకం దొంగతనమే కనుక దానికీ ఇదే వర్తిస్తుంది. దోపిడీలో ఈ హక్కు, దుండగుడు కొడుతున్నంతసేపు, నిర్బంధిస్తున్నంతసేపు, తక్షణ భయం మిగిలి ఉన్నంతసేపు నడుస్తుంది. భయం పోయాక హక్కు ఆగిపోతుంది. దొరికిన కుర్రాడిని కరెంటు స్తంభానికి కట్టి ఊరంతా కలిసి కొట్టడానికి ఏ సెక్షనూ మద్దతివ్వదు. అది వేరే నేరం. అలాంటి దెబ్బలకు ప్రాణాలు పోయిన ఉదంతాలు మన ఊళ్లలో ఉన్నాయి. వాటిని ప్రజల ఆగ్రహమని సరిపెట్టుకోవడం న్యాయవాదులుగా మనకు తగదు.

చేసిన పనిని బట్టి నేరం తేల్చడం ఎంత విలువైనదో తెలుగు నేల చరిత్రే చెబుతుంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వచ్చింది. కొన్ని కులాలను పుట్టుకతోనే నేరస్తులుగా ప్రకటించి, వేలిముద్రలు తీసుకుని, రాత్రిళ్లు హాజరు వేయించిన చట్టమది. బాపట్ల దగ్గరి స్టూవర్టుపురం, నెల్లూరు వైపు కావలి, కృష్ణ ఒడ్డున సీతానగరం అలా ఏర్పడిన సెటిల్‌మెంట్లే. ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచి, వాటి నిర్వహణను మిషనరీ సంస్థలకు అప్పగించారు. ఎవరు ఎప్పుడు ఎవరిని కొట్టి ఏం తీసుకున్నారన్న ప్రశ్న ఆ చట్టానికి అక్కర్లేకపోయింది. 1952లో చట్టం రద్దయినా, స్టూవర్టుపురం పేరు చెప్పగానే నొసలు ముడిపడే అలవాటు సినిమాల్లోనూ స్టేషన్లలోనూ మిగిలిపోయింది. సంహితలో ఇప్పటికీ దోపిడీ ముఠాకు చెందడమే నేరమనే సెక్షన్ ఉంది. పాత 401, ఇప్పటి 313. అలవాటుగా దొంగతనమో దోపిడీయో చేసే ముఠాతో సంబంధం రుజువైతేనే అది వర్తిస్తుంది. కులమూ, ఊరూ, పాత సస్పెక్ట్ షీటూ ఆ రుజువుకు బదులు కావు.

రుజువు దగ్గరికే వద్దాం. మన ఎఫ్‌ఐఆర్‌లలో ఒక వాక్యం అచ్చుపోసినట్టు ఉంటుంది: గుర్తు తెలియని ఇద్దరు వ్యక్తులు మోటార్ సైకిల్‌పై వచ్చి ఫిర్యాది మెడలోని బంగారు గొలుసు లాక్కుని పారిపోయినారు. ఎన్ని గ్రాములో, ఎంత ఖరీదో జాగ్రత్తగా రాస్తారు. మెడ మీద గీత పడిందా, కింద పడ్డదా, వెనక్కి తిరిగి ఏమన్నాడు, ఏం చూపించాడు, ఇవి ఉండవు. కొన్ని వారాలకు ముద్దాయి దొరుకుతాడు, పంచనామాతో గొలుసు దొరుకుతుంది. దొంగతనమైన కొద్దికాలానికే సొత్తు ఒకరి దగ్గర దొరికితే అతను దొంగ అనో, దొంగసొత్తని తెలిసి తీసుకున్నాడనో కోర్టు ఊహించవచ్చు. పాత సాక్ష్య చట్టంలో 114వ సెక్షన్, ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియంలో 119. ఆ ఊహ అక్కడితో ఆగుతుంది. గొలుసు దొరకడం గొలుసు గురించే చెబుతుంది, కొట్టాడా లేదా అన్నది చెప్పలేదు. ఆలయ మహంతును, సేవకుడిని చంపిన సంవత్ ఖాన్ కేసులో, ఆభరణాలు చూపించినంత మాత్రాన హంతకులని తేల్చలేమని సుప్రీంకోర్టు ఎప్పుడో చెప్పింది. బలప్రయోగానికి సాక్ష్యం బాధితురాలి మొదటి మాటలోనే ఉండాలి. ఆ రోజే డాక్టరు దగ్గరికి పంపి, మెడ మీది గీతను వూండ్ సర్టిఫికెట్‌లో రాయించాలి. ఇవి లేకుండా దోపిడీ (పాత 392) కింద చార్జిషీటు వేస్తే, శిక్ష దొంగతనానికో (పాత 379), దొంగసొత్తు తీసుకోవడానికో (పాత 411) దిగిపోవడం, లేదా కేసే కొట్టేయడం జరుగుతోంది. నిరపరాధికి కూడా ఇదే రక్ష. మొదటి వాంగ్మూలంలో లేని కత్తి చార్జిషీటులో పుట్టుకొస్తే ప్రశ్నించాల్సింది డిఫెన్సు న్యాయవాదే.

చివరగా, జేబుల్లో నోట్లు తగ్గిన కాలంలో ఈ పాత నిర్వచనం ఎలా నిలబడుతుందో చూద్దాం. రాత్రి ఆటో దిగిన కుర్రాడి మెడ మీద కత్తి పెట్టి ఫోనులో యూపీఐ ద్వారా డబ్బు పంపించుకుంటున్నారు. పర్సు జోలికి వెళ్లరు. ఇది దోపిడీయేనా? పీనల్ కోడ్ చరాస్తిని భౌతికమైన ఆస్తిగా నిర్వచించింది. సంహిత రెండో సెక్షన్‌లో ఆ భౌతికమన్న విశేషణం తీసేశారు. భూమి, భూమికి అంటుకున్నవి మినహా అన్ని రకాల ఆస్తీ ఇప్పుడు చరాస్తే. కాబట్టి బ్యాంకు ఖాతాలోని సొమ్ముకు దారి సుగమమైంది. కత్తి ఎదుట ఉంది, భయం తక్షణం, సొమ్ము అక్కడికక్కడే వెళ్లింది. దోపిడీ అని నేను నిస్సంకోచంగా అంటాను. కార్డు, పిన్ నంబరు గుంజుకుని, కుర్రాడిని కారులోనే కూర్చోబెట్టి ఏటీఎంల చుట్టూ తిప్పితే, నిరోధం కొనసాగుతున్నంతసేపు ప్రతి విత్‌డ్రాయల్‌లోనూ దోపిడీ కొనసాగుతున్నట్టే. కుర్రాడిని వదిలేసి మర్నాడు డబ్బు తీస్తే? కార్డు గుంజుకోవడంతో దోపిడీ పూర్తయింది. మర్నాటి విత్‌డ్రాయల్ దాని ఫలితమైన వేరే నేరం, దానికి వేరే చార్జి ఉండాలి. ఈ కేసుల్లో బ్యాంకు మెసేజీలు ఏ నిమిషానికి ఎంత పోయిందో చెబుతాయి. ఆ నిమిషంలో కత్తి ఎక్కడుందో మాత్రం కుర్రాడినే అడగాలి, ఆ రాత్రే అడగాలి, అతను చెప్పిన వరుసలోనే రాయాలి.